ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దల మాట. కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడికినవి కనుక ఆ మాట వంటింటిలో నూటికి నూరుపాళ్ళు నిజం. కాని అదే సూత్రాన్ని ఆ అన్నం తినే మనుషులకు వర్తింపజేస్తే ఎంతటి అనర్థం వాటిల్లగలదో చెప్పడానికే ఈ వ్యాసం. ఒక ఊరివారందరూ ఒకే కుండలోని మెతుకులు కారు. ఒకరు ముందు తింటారు, ఒకరు చివర తింటారు. ఒకరు నీడలో కూర్చుంటారు, ఒకరు ఎండలో రాళ్ళు కొడతారు. ఆ ఊరి నీటిలోనో, నేలలోనో విషం ఉన్నప్పుడు, అది ఎవరి దేహంలోకి ఎంత పోతున్నదన్న ప్రశ్నకు ఒక్క మెతుకు జవాబు చెప్పజాలదు.

తెలుగు సాహిత్యం బోధించే ఉపన్యాసకునికి విషాల లెక్కలతో పనియేమి అని మా విద్యార్థులు అడుగవచ్చు. ఈ లెక్క తప్పడం మొదలయ్యేది ప్రయోగశాలలో కాదు, ప్రశ్న అడిగే భాషలో. అందుకే ఇది భాష నేర్పేవాని విషయం కూడా. పైగా ఈ విషయంలో నేను స్వయంగా చేసిన తప్పు ఒకటి ఉన్నది. దానిని చివరకు దాచిపెట్టక ముందుగానే చెప్పుకొంటాను.

నేను ఎం.ఏ. చదువుతున్న రోజులలో ఒక ఆహార సర్వేలో సహాయకునిగా నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెకు వెళ్ళాను. తెలుగూ ఉర్దూ రెండూ వచ్చినవాడు కావాలన్నారు కనుక నన్ను తీసికొనిపోయినారు. అది ఫ్లోరైడ్ నీటి ప్రాంతం. నా చేతిలోని పత్రంలో ప్రశ్న స్పష్టంగానే ఉన్నది: నిన్న ఏమేమి తిన్నారు? ఎంత తిన్నారు? ఒక ఇంటి అరుగుమీద కూర్చున్న వృద్ధురాలిని అడిగాను. ఆమె వెన్ను వంగి, మెడ తిప్పలేని స్థితిలో ఉన్నది.

"ఏం తింటం బిడ్డా, అందరు తిన్నంక మిగిలింది తిన్న" అన్నది.

"ఎంత మిగిలింది అవ్వా?" అన్నాను.

"మిగిలింది ఎంతుంటది బిడ్డా? మిగిలినంత" అని నవ్వింది.

పత్రంలో ఆ జవాబుకు గడి లేదు. గ్రాములలో అంకె కావాలి. పొద్దు వాలుతున్నది, ఇంకా పదిళ్ళు మిగిలి ఉన్నవి. నేను నా తోచిన అంకె ఒకటి వేసి ముందుకు సాగాను. లేచిపోతుంటే ఆమె ఆపి, "చాయ్ తాగి పో సారూ" అన్నది. ఇంటి బోరు నీటితో కాచిన చాయ్ అది. ఆమె కూడా ఒక గ్లాసు తాగింది, అది ఆ రోజుకు నాలుగవదని చెప్పింది. తేయాకులోనే సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది, నీటిలోనిది దానికి తోడవుతుంది. అయినా ఆ చాయ్ కూడా నా పత్రంలోకి ఎక్కలేదు, ఎందుకంటే పానీయాల గడి నేను అప్పటికే నింపివేసినాను. ఆ పత్రం తర్వాత ఏ సగటులో కలిసిందో నాకు తెలియదు. ఆ సగటులో ఒక అబద్ధం నాది.

చాలా సంవత్సరాల తర్వాత పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల చరిత్ర చదువుతుండగా ఆ అరుగూ, ఆ నవ్వూ నాకు మళ్ళీ కనిపించినవి. ఆ చరిత్ర మన విద్యార్థులు తెలుసుకొనదగినది.

1946 నుండి 1958 వరకు అమెరికా ప్రభుత్వం ఆ దీవులలో 67 అణుపరీక్షలు జరిపింది. 1946లో బికినీ దీవి ప్రజలను, 167 మందిని, అక్కడినుండి తరలించినారు. 1954 మార్చి 1వ తేదీన బికినీలో పేల్చిన ఉదజని బాంబు శాస్త్రజ్ఞులు ఊహించినదానికి రెండింతలకు పైగా, 15 మెగాటన్నుల శక్తితో విస్ఫోటించింది. నూటయాభై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రోంగెలాప్ దీవిమీద కొన్ని గంటలలోనే తెల్లని ధూళి కురిసింది. అది కాలిన పగడపు నేల బూడిద. పిల్లలు దానిలో ఆడుకొన్నారు. అది వాననీటి తొట్లలో పడింది, ఆరుబయట పెట్టిన చేపలమీద పడింది. రెండు రోజుల తర్వాత గాని వారిని అక్కడినుండి తరలించలేదు. ఆ రెండు రోజులూ వారు అదే తిన్నారు, అదే తాగినారు. 1963లో ఆ ప్రజలలో తొలి థైరాయిడ్ గడ్డ బయటపడింది, తర్వాత అటువంటివి అనేకం.

ఆ రెండు రోజులలో ఒక్కొక్కరి గొంతుకలోని గ్రంథిని చేరిన రేడియో ధార్మిక అయోడిన్ ఎంత? అయోడిన్ 131 ఎనిమిది రోజులకొకసారి సగమై, కొద్ది నెలలలో మాయమవుతుంది. సాక్ష్యం మిగలదు. కనుక దశాబ్దాల తరబడి శాస్త్రజ్ఞులు ఆ రెండు రోజుల భోజనాన్ని కాగితంమీద తిరిగి వండవలసి వచ్చింది. పీల్చిన గాలికన్న తిన్న తిండి, తాగిన నీరు ద్వారానే అధికభాగం లోపలికి పోయిందని 1980 దశకంలో చేసిన పునఃపరిశీలన తేల్చింది. ఒక మనిషికి జరిగిన హాని ఎంతో నిర్ణయించడానికి ఆ మనిషి ఒకనాటి మధ్యాహ్నం ఏమి తిన్నదో తెలియవలసి వచ్చిందన్న మాట.

బికినీ కథ ఇంతకంటె బోధకరమైనది. 1968లో బికినీ నివాసయోగ్యమని ప్రకటించి, తర్వాతి సంవత్సరాలలో కొన్ని కుటుంబాలను అక్కడికి తిరిగి పంపినారు. ఆ నిర్ణయం వెనుక ఒక లెక్క ఉన్నది: ఈ ప్రజలు ఇది ఇంత తింటారు, అది అంత తింటారు, కనుక వారి దేహాలలో చేరే రేడియో ధార్మికత అనుమతింపదగిన మేరలోనే ఉంటుంది. ఆ లెక్కలో కొబ్బరికి చాల స్వల్పమైన పాలు ఇచ్చినారు. కొబ్బరి మార్షల్ దీవులవారికి ఒక ఫలం కాదు. అది వారి నీరు, వారి పాలు, వారి కూర, వారి పిల్లల తొలి ఆహారం. కొత్తగా నాటిన చెట్లు కాపుకు వచ్చిన తర్వాత వారు తమ తాతల వలెనే తిన్నారు, తాగినారు. 1977, 1978 సంవత్సరాలలో వారి దేహాలను యంత్రాలతో కొలిచినప్పుడు సీజియం 137 వేగంగా పెరుగుతున్నట్టు తేలింది. 1978లో వందమందికి పైగా ప్రజలను మళ్ళీ ఓడ ఎక్కించినారు. ఒక దేశపు శాస్త్రవిజ్ఞానమంతా కలిసి ఒక కొబ్బరికాయను సరిగా లెక్కపెట్టలేకపోయింది.

దీనికి కారణం వారి నేల స్వభావంలో కూడా ఉన్నది. పగడపు దీవుల మట్టిలో పొటాషియం బహు తక్కువ. సీజియం రసాయనికంగా పొటాషియంకు దగ్గరి చుట్టం. పొటాషియం కొరకు ఆకలిగొన్న వేరు సీజియంను లోపలికి పిలుచుకొంటుంది. ఖండాంతర భూములలో చేసిన ప్రయోగాల అంకెలు అక్కడ పనిచేయకపోవడానికి ఇదొక హేతువు. ఈ రహస్యం తెలిసిన తర్వాతనే లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు మట్టికి పొటాషియం ఎరువు వేసి కొబ్బరిలో చేరే సీజియంను బాగా తగ్గించవచ్చునని నిరూపించినారు. విషం ఏ తిండి దారిన వస్తున్నదో తెలిసినప్పుడే ఆ దారిని మూయగలమన్నది దీనినుండి మనం గ్రహించవలసిన నీతి.

తర్వాత ఆ దీవుల భోజనాన్ని సక్రమంగా లెక్కించే ప్రయత్నాలు జరిగినవి. 1980లో బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల వెలువరించిన మార్షల్ దీవుల ఆహార, జీవన విధానాల నివేదిక వాటిలో ముఖ్యమైనది. దాని రచయితలలో మొదటిపేరు జె. ఆర్. నాయుడు. ఆ పేరు చూడగానే తెలుగు పాఠకుని కన్ను ఒక క్షణం అక్కడ నిలుస్తుంది. ఆ బృందం ప్రజల జీవితాన్ని దగ్గరగా చూచి లెక్క కట్టింది. ఓడ సకాలంలో వచ్చి బియ్యం, పిండి, డబ్బా మాంసం అందే సమాజం వేరు, ఓడ రాక కొబ్బరి, పనస జాతి బ్రెడ్‌ఫ్రూట్, మొగలి జాతి పండు, పీతలపైనే ఆధారపడే సమాజం వేరు అని గుర్తించింది. అయినా ఆ అంకెలకూ, స్త్రీలను ప్రశ్నించి రాబట్టిన మరొక సర్వే అంకెలకూ పొత్తు కుదరలేదు. వండినది వేరు, తిన్నది వేరు అన్న వివాదం అక్కడ తలెత్తింది. ఆ వివాదంలో సాక్షిగా నిలువవలసింది చివరకు మనిషి దేహమే. సీజియం వెదజల్లే కిరణాలను బయటినుండి కొలిచే యంత్రంముందు మనిషిని కూర్చుండబెట్టి, కాగితం చెప్పినదానితో సరిచూచినారు.

వండినది వేరు, తిన్నది వేరు. ఈ వాక్యం చదివినప్పుడే నాకు ఆ అవ్వ మాట జ్ఞాపకం వచ్చింది. మిగిలినంత.

మార్షల్ దీవులు మనకు ఎంతో దూరం. కాని ఆ ప్రశ్న మన గడపలోనే ఉన్నది. అణువిద్యుత్కేంద్రాలకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ 1971లో మౌలాలి పక్కన వెలసింది. యురేనియం ఎక్కడున్నదో అన్వేషించే అణు ఖనిజాల సంస్థ ప్రధాన కార్యాలయం బేగంపేటలో ఉన్నది. దేశప్రజలు ఏమి తింటున్నారో దశాబ్దాలుగా తూచి చూస్తున్న జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉన్నది. మన అలియాబాద్ చౌరస్తాలో బస్సెక్కిన విద్యార్థి ఒక్కరోజులో ఈ మూడింటి గేట్లనూ చూచి రావచ్చు. ధార్మికత తెలిసినవారూ, తిండి తెలిసినవారూ ఇంత దగ్గరగా ఉన్న నగరం దేశంలో మరొకటి ఉన్నదో లేదో అనుమానమే.

ఇక పల్లెల విషయం. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకొనిపోయే వ్యాధిని వైద్యులు తొలిసారిగా వివరించినారు. నల్లగొండ సంగతి లోకవిదితం. 1973లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అక్కడి యువకులలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని గూర్చి లోకానికి తెలిపినారు. ఆ వైకల్యం జొన్న ముఖ్యాహారమైన చోట్ల కనిపించడం వారి దృష్టిని ఆకర్షించింది. వరి అన్నం తినేవారి కన్న జొన్న తినేవారి దేహం ఫ్లోరైడ్‌ను అధికంగా నిలుపుకొంటుందేమోనన్న దిశగా వారి ప్రయోగాలు సాగినవి. నీటిని మాత్రమే సీసాలో పట్టి పరీక్షించినవారికి ఈ సంగతి ఏనాటికీ తట్టేది కాదు. కంచంలోకి తొంగిచూచినవారికే తట్టింది.

ప్రమాణాల సంగతి కొంత చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి ప్రమాణాలు నిర్ణయించేటప్పుడు సాధారణంగా 60 కిలోల బరువున్న మనిషి రోజుకు 2 లీటర్ల నీరు తాగుతాడని భావిస్తుంది. ఫ్లోరైడ్‌కు అది విధించిన మేర లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. రెండు లీటర్లు తాగినవానికి 3 మిల్లీగ్రాములు చేరుతుంది. వైశాఖమాసపు ఎండలో రాళ్ళ గనిలో పనిచేసే కూలి మనిషి 5 లీటర్లు తాగితే 7.5 మిల్లీగ్రాములు. నీరు ఒకటే, ప్రమాణం ఒకటే, లోపలికి పోయిన విషం రెండున్నర రెట్లు. అన్నం ఉడికించిన నీరు, పప్పు ఉడికించిన నీరు ఇందులో చేరలేదు. స్థానికంగా ప్రజలు ఎంత నీరు తాగుతారో చూచుకొని ప్రమాణం నిర్ణయించుకోవలసిందని ఆ సంస్థే హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరిక మన కాగితాలలో కనిపించినంతగా మన బావుల దగ్గర కనిపించదు.

యురేనియంకు ఆ సంస్థ విధించిన మేర లీటరు నీటికి 30 మైక్రోగ్రాములు. మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి 60 వరకు అనుమతించింది. నల్లగొండ జిల్లాలో కొన్ని బావుల నీటిలో ఈ మేరలను మించిన యురేనియం ఉన్నట్టు పరిశోధకులు ప్రకటించినారు. అక్కడ గని లేదు. గ్రానైటు రాతినుండి సహజంగా దిగిన యురేనియం అది. కనుక ప్రతి దోషాన్నీ గనికి అంటగట్టడం న్యాయం కాదు. అదే కారణంవల్ల, గని తవ్వకముందే నీటిలో, నేలలో, తిండిలో ఎంత ఉన్నదో లెక్కించి పెట్టుకొనకపోవడం అంతకన్న పెద్ద అన్యాయం. ముందు లెక్క లేనిచోట తర్వాత ఎవరి వాదన అయినా చెల్లుతుంది.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో 2007లో యురేనియం గనికీ, శుద్ధి కర్మాగారానికీ పునాది పడింది, 2012 ప్రాంతంలో పని మొదలైంది. చుట్టుపట్ల ఊళ్ళ రైతులు తమ బోరు నీరు చెడినదనీ, అరటితోటలు ఎండిపోతున్నవనీ మొరపెట్టుకొన్నారు. తమ గని అందుకు కారణం కాదని సంస్థవారు చెప్పినారు. ఎవరి మాట ఎంత నిజమో తేల్చే అధికారం నాకు లేదు. నా ప్రశ్న ఒకటే. ఆ ఊరి స్త్రీ ఏ బోరు నీటితో అన్నం వండుతుంది? ఆమె పెరటి ఆకుకూర ఏ నీటితో పెరిగింది? ఆ గేదె ఏ కుంటలో నీరు తాగి ఎవరికి పాలిస్తున్నది? సీసాలో పట్టిన నీటి నమూనాకు ఈ మూడు ప్రశ్నలూ జోడించనిదే రెండు పక్షాలకూ నిజం దొరకదు.

నాగార్జునసాగర్ సమీపాన లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో గని తవ్వే ప్రతిపాదనపై 2003లో బహిరంగ విచారణ జరిగింది. నల్లమల అడవిలో యురేనియం తవ్వకాన్ని వ్యతిరేకిస్తూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. నల్లమల చెంచులను నేను భూమిమీది దీవివాసులని అంటాను. చుట్టూ సముద్రం లేకున్నా అడవి ఉన్నది. తేనె, తవ్వితీసిన గడ్డలు, చింతపండు, ఇప్పపువ్వు వారి తిండి. చెంచులు చింతపండు పులుపు తగ్గడానికి బూడిద కలుపుకొని తింటారని 1940 దశకంలో వారిని అధ్యయనం చేసిన హైమెండార్ఫ్ వ్రాసినాడు. కట్టె కాలినప్పుడు దానిలోని ఖనిజాలన్నీ బూడిదలో చిక్కబడతాయి. ఏ దేశపు ఆహార పట్టికలో బూడిదకు ఒక వరుస ఉన్నది? రోంగెలాప్ పిల్లలమీద ఆకాశంనుండి పడినదీ బూడిదే. ఆ బూడిదను లెక్కించడానికి ముప్పది ఏండ్లు పట్టింది.

ఇక ఎవరిని ఆధారం చేసికొని లెక్కలు కడుతున్నారో చూడండి. 1975లో అంతర్జాతీయ రేడియో ధార్మిక రక్షణ సంఘం ఒక ప్రమాణ పురుషుని నిర్వచించింది. అతడు 20 నుండి 30 ఏండ్ల వయసుగల తెల్లజాతివాడు. 70 కిలోల బరువు, 170 సెంటీమీటర్ల ఎత్తు. పది నుండి ఇరవై డిగ్రీల చల్లని వాతావరణంలో నివసిస్తాడు. అలవాట్లన్నీ పశ్చిమ ఐరోపా లేక ఉత్తర అమెరికావి. ఆ పెద్దమనిషి మన శామీర్‌పేట చెరువు గట్టున ఎన్నడూ కూర్చుండలేదు. తర్వాతి కాలంలో ఈ లోపాన్ని గుర్తించి ఆసియా ప్రజల కొలతలు సేకరించే ఉద్యమంలో మన భాభా అణు పరిశోధనా కేంద్రం కూడా పాలుపంచుకొన్నది. అది సంతోషించదగినది. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రమాణ పురుషుని బరువు 65 కిలోలనీ, స్త్రీ బరువు 55 కిలోలనీ పేర్కొన్నది. కాని ప్రమాణ పురుషుడు మన దేశంవాడైనంత మాత్రాన అతడు మిగిలినది తినే అవ్వ కాజాలడు.

భాష సంగతి ఇక్కడ ప్రస్తావించక తప్పదు. తెలుగులో అన్నం అంటే వరి అన్నం ఒక్కటే కాదు, భోజనమంతా అన్నమే. "అన్నం తిన్నవా?" అని అడిగితే జొన్న రొట్టె తిన్నవాడు కూడా "తిన్న" అనే చెప్తాడు. ఉర్దూలో ఖానా అన్నా అంతే. ఇంగ్లీషులో వ్రాసిన పత్రాన్ని మాటకు మాట మార్చి అడిగితే జొన్న తినే పల్లె మొత్తం వరి తిన్నట్టు నమోదు అవుతుంది. మాంసం అన్న మాటా అటువంటిదే. కాల్షియం వెంట పోయి ఎముకలో చేరే స్ట్రాన్షియం విషయంలో మెత్తని మాంసం వేరు, రాత్రంతా ఎముకలు కాచి చేసిన పాయా వేరు. మా దస్తర్‌ఖాన్ ఎరుగనివాడు ఆ రెంటినీ ఒకే గడిలో వేస్తాడు. ఇక చెప్పుకొనడానికి సంకోచించేవి కొన్ని ఉన్నవి. మార్షల్ దీవులవారు కొబ్బరిగెల గీసి తీసిన రసం తాగుతారు. మన పల్లెలలో తాటికల్లు, ఈతకల్లు ఉన్నవి. పత్రం పట్టుకొనివచ్చిన చదువుకొన్న మనిషి ముందు, అందులోనూ నావంటి పేరుగలవాని ముందు, ఎంత తాగినదీ నిజం చెప్పేవారెందరు?

కాలం కూడా లెక్కలోకి రావాలి. రంజాన్ నెలలో ఒక ముస్లిం ఇంటిలో పగలు అడిగితే నీరు తాగనేలేదంటారు. ఇఫ్తార్ తర్వాత, సహరీకి ముందు తాగినది అడిగినవానికే తెలుస్తుంది. బక్రీద్ వారంలో అడిగితే సంవత్సరమంతా మాంసమే తిన్నట్టు కనిపిస్తుంది. మామిడికాయల కాలంలో, సీతాఫలాల కాలంలో పేదవాని పిల్లల కడుపు నింపేది చెట్టు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తర్వాత జొన్న తినే ఇండ్లు వరికి మారినవి. మార్షల్ దీవులలో ఓడ వచ్చిన నెల, రాని నెల ఉన్నట్టే మనకు రేషన్ అందిన వారం, అయిపోయిన వారం ఉన్నవి. బియ్యం ఎక్కడినుండి వచ్చినా దానిని ఉడికించే నీరు మాత్రం ఆ ఊరిదే. ఒక్కరోజు అడిగి ఏడాది లెక్క కట్టడం ఒక్క మెతుకు పట్టి పొలమంతటి పంట చెప్పడం వంటిది.

ఇదంతా విని, ఈ వ్యాసకర్త ప్రజలలో లేనిపోని భయం రేపుతున్నాడని కొందరు అనవచ్చు. భయం రేపడం నా ఉద్దేశం కాదు. ప్రకృతిలో రేడియో ధార్మికత లేని తిండి లేనే లేదు. పొటాషియం ఉన్న ప్రతి పదార్థంలో, అరటిపండులో, పప్పులో, మన రక్తంలో కూడా కొంత పొటాషియం 40 ఉంటుంది. దేహం పొటాషియంను తనకు కావలసినంతే ఉంచుకొని మిగిలినది విసర్జిస్తుంది కనుక ఎన్ని అరటిపండ్లు తిన్నా అది పేరుకొనిపోదు. ఇటువంటి సత్యాలు ప్రజలకు తెలిస్తే భయం తగ్గుతుంది. లెక్క తెలియనివాడే అన్నిటికీ భయపడతాడు, లేకుంటే దేనికీ భయపడడు. రెండూ ప్రమాదమే. మరికొందరు ఇంత సూక్ష్మమైన లెక్కకు ధనం ఎక్కడిదంటారు. ఒక ఊరిని రెండుసార్లు ఖాళీ చేయించడంకన్న కొబ్బరికాయలు ఒక్కసారి సరిగా లెక్కపెట్టడం చవక కాదా?

కనుక నా అభిప్రాయాన్ని కొద్ది మాటలలో చెప్తాను. గని గాని, కర్మాగారం గాని రాకముందే ఆ ఊరి నీటితోపాటు ఆ ఊరి తిండి లెక్క కూడా వ్రాసిపెట్టాలి. అడగడానికి ఆ ఊరి యాస తెలిసిన స్త్రీలను పంపాలి, ఎందుకంటే వంటింటిలోకి ఆహ్వానం వారికే దొరుకుతుంది. వండిన కుండను కాక చివరి మనిషి కంచాన్ని తూచాలి. వేసవి, వాన, చలి, పండుగ, ఉపవాసం అన్నీ ఆ లెక్కలోకి రావాలి. కాగితంమీది లెక్కను మూత్రపరీక్ష ద్వారానో, యంత్రం ద్వారానో దేహాన్ని అడిగి సరిచూచుకోవాలి. ఫలితాన్ని ఇంగ్లీషు నివేదికలో పూడ్చిపెట్టక గ్రామపంచాయతీ గోడమీద తెలుగులోనూ, ఉర్దూ చదివేవారున్నచోట ఉర్దూలోనూ వ్రాయించాలి. ప్రశ్నలు అడిగించుకొన్న మనిషికి జవాబు తెలుసుకొనే హక్కు ఉన్నది.

ప్రభుత్వాలు ఎప్పుడు చేస్తాయోనని కూర్చుండనక్కరలేదు. మన కళాశాలలో రెండు భాషలు ఉన్నవి. తెలుగు ఇండ్లకూ, ఉర్దూ ఇండ్లకూ వెళ్ళగల విద్యార్థినులు ఉన్నారు. ఒక చిన్న త్రాసు, ఒక కొలత గ్లాసు, ఒక నోటుపుస్తకం చాలు. ఒక్క ఏడాదిపాటు ప్రతి విద్యార్థి తన ఇంటిలో అందరికన్న చివర తినే మనిషి ఏమి తిన్నదో, ఎంత నీరు తాగినదో, ఆ నీరు ఏ బోరుదో, ఏ కుళాయిదో వ్రాసిపెట్టాలని నా కోరిక. అలియాబాద్ చుట్టుపట్ల ఈనాడు ఏ ఆపదా లేకపోవచ్చు. లేనినాడు వ్రాసిన లెక్కకే ఉన్ననాడు విలువ వస్తుంది. అంతేకాదు, ఆ పుస్తకం నింపుతుండగా మీలో చాలమందికి మీ అమ్మ భోజనం మొదటిసారిగా కనిపిస్తుంది.

నల్లగొండ అవ్వ ఇప్పుడు ఉన్నదో లేదో. ఆ ఊరికి తర్వాత కృష్ణానీరు వచ్చిందని విన్నాను, సంతోషించాను. వంగిన వెన్నును ఆ నీరు నిటారు చేయలేదు. ఆమె నాకు ఇచ్చిన జవాబు సరియైనదే. దానిని వ్రాసికొనడానికి నా పత్రంలో చోటు లేకపోవడమే తప్పు. మన విద్యార్థులు తయారుచేసే పత్రంలో మొట్టమొదటి గడి ఆ జవాబుకే కేటాయించవలెనని మనవి: మిగిలింది ఎంత, అది ఎవరు తిన్నారు?